సంతృప్త వీధి

కృతజ్ఞత మంచిదే. దాంట్లో ఎవరికీ పేచీ లేదు. దిబ్బవీధి మాణిక్యాంబకైతే అసలే లేదు. తెల్లవారి మంచం దిగేముందు నేలను తాకి కళ్లకద్దుకునే మనిషి ఆవిడ. పొయ్యి వెలిగిస్తే పొయ్యికి దండం. చేట చేతికి తీసుకుంటే చేటకి దండం. పొరపాటున చీపురుకు కాలు తగిలినా దానికీ ఒక దండం. అలాంటి మనిషిని పాలమెట్ట పురపాలక సంఘం నెల తిరక్కుండా రెండు రకాలుగా తేల్చింది. మొదట కృతజ్ఞతలో ఊరంతటికీ ఆదర్శమంది. తర్వాత ఊరందరిలోకీ కృతఘ్నురాలంది. రెండూ కాగితం మీదే తేల్చింది కాబట్టి రెండూ నిజమేననుకోవాలి.

దీనికంతటికీ మూలం కమిషనరు త్రివిక్రమరావుగారు శిక్షణ కోసం ఏదో కొండ మీదికి వెళ్లిరావడం. కృతజ్ఞత గలవాడికి నిద్ర బాగా పడుతుందనీ, గుండె నిదానంగా కొట్టుకుంటుందనీ, భార్యాభర్తల మధ్యా ఇరుగుపొరుగుల మధ్యా సఖ్యత పెరుగుతుందనీ అక్కడెవరో చెప్పారు. చెప్పినవాడు తప్పేమీ చెప్పలేదు. విన్నవాడి చేతిలో రబ్బరు స్టాంపు ఉండటం వల్ల వచ్చింది చిక్కు.

కమిషనరు కొండ దిగిన మర్నాడే ఉత్తర్వు వెలువడింది. "ఇందుమూలముగా సమస్త సిబ్బందికీ పౌరులకూ తెలియజేయునదేమనగా, ఇకమీదట ఈ కార్యాలయమున ప్రతి పనియూ కృతజ్ఞతతో ఆరంభమై కృతజ్ఞతతోనే ముగియవలెను. మధ్యలో వీలును బట్టి పని జరుగవచ్చును."

సరిగ్గా ఆ రోజుల్లోనే దిబ్బవీధి కొళాయి ఎండిపోయింది. వీధి మొగలో నేలలోపల ఉన్న వాల్వు బిగుసుకుపోయిందని అందరికీ తెలుసు. నీళ్ల కోసం రైలుగేటు దగ్గరున్న బోరింగు దాకా వెళ్లి కొట్టుకుని తెచ్చుకుంటున్నారు. అదైనా మాణిక్యాంబ ఓర్చుకునేదే. కానీ ఇంట్లో పురిటికొచ్చిన కూతురు హైమ ఉంది, పొత్తిళ్లలో మనవరాలుంది, బారసాల దగ్గరపడుతోంది. బారసాలనాడు బాలింత బావికి పూజ చేసి, తొలి బిందె తోడుకుని, చంకనెత్తుకుని ఇంట్లోకి రావాలి. అప్పుడు గానీ మళ్లీ ఇంటి పని ముట్టుకోదు. దిబ్బవీధి బావి ఎప్పుడో పూడ్చేశారు. అప్పట్నుంచీ ఆ వీధి బాలింతలందరూ వీధి కొళాయికే పసుపు రాసి, బొట్టు పెట్టి, తాంబూలం పెట్టి, దాని కిందే బిందె పట్టుకుంటున్నారు. గంగమ్మ తల్లి నూతిలోంచి వచ్చినా గొట్టంలోంచి వచ్చినా ఒకటేనని సర్దుకుపోయింది. అసలు రాకపోతే సర్దుకోవటం ఎలాగ? ఎండు కొళాయికి పూజ చేయించి, వట్టి బిందెతో బిడ్డతల్లిని గడప దాటించడమా? పైగా వియ్యపురాలు వస్తోంది. ఆవిడ వట్టి బిందె చూసి ఊరుకునే మనిషి కాదు.

అందుకని మాణిక్యాంబ చీర కుచ్చిళ్లు సర్దుకుని పురపాలక సంఘానికి వెళ్లింది. కిటికీ అవతల గుమాస్తా ఉమాపతి కూర్చున్నాడు. మంచివాడు. ఉత్తర్వును ఉత్తర్వులాగే పాటించడం తప్ప మరో చెడు అలవాటు లేదు.

ఫిర్యాదు అన్న మాట వినగానే అతను చెవులు మూసుకున్నంత పని చేశాడు. ఫిర్యాదులు తీసుకోవడం మానేశామనీ, ఇప్పుడు కృతజ్ఞతాపత్రం అని ఒకటుందనీ, సంఘం వల్ల కలిగిన మేలంతా అందులో రాస్తే, చివరి గడిలో చోటు మిగిలినంత మేర మనవి కూడా రాసుకోవచ్చనీ ఓపికగా చెప్పాడు.

"చుక్క నీళ్లు రాకపోతే మేలేం కలిగింది నాయనా?" అంది మాణిక్యాంబ.

"కొళాయి తిప్పితే ఏం వస్తోందండీ?"

"ఏం వస్తుంది, గాలి."

"అదీ. ఏదో ఒకటి వస్తోంది కదా. రాయండి."

మాణిక్యాంబ కాసేపు ఆలోచించింది. గాలి కూడా దేవుడిచ్చిందే. దానికి దండం పెట్టడంలో తప్పేముంది? 'కొళాయిలో గాలి వస్తున్నందుకు కృతజ్ఞతలు' అని రాసింది. ఉమాపతి చూసి, 'ధారాళంగా' అని చేర్చమన్నాడు. చేర్చేసరికి పత్రం నిండిపోయింది. చివరి గడి బియ్యపు గింజంత మిగిలింది. అందులో 'నీళ్లు' అని మాత్రం పట్టింది.

ఇంటికొచ్చి చెప్తే వీధి వీధంతా నవ్వింది. నవ్వి ఊరుకోలేదు. మనవి వినిపించుకోడానికి దారి అదొక్కటే అయినప్పుడు మనమూ రాద్దామని పక్కింటి గవరమ్మ మొదలుకొని అందరూ వెళ్లి, గాలి ధారాళంగా వస్తున్నందుకు కృతజ్ఞతలు రాసి వచ్చారు. గవరమ్మ అయితే గాలితో పాటు అప్పుడప్పుడు ఈల కూడా వినిపిస్తోందనీ, మనవడు ఆ ఈలకు నిద్రపోతున్నాడనీ కలిపింది.

కొద్దిరోజులకే వీధి మొగలో డప్పులు మోగాయి. వాల్వు బాగు చేయడానికి వచ్చారనుకుని ఆడవాళ్లందరూ బిందెలు పుచ్చుకుని బయటికి పరుగెత్తారు. వచ్చినవాళ్లు రెండు గుంజలు పాతి, వాటి మీద బోర్డు బిగించారు. 'ఇది సంతృప్త వీధి' అని పెద్ద అక్షరాలు. ఊళ్లో మిగతా వీధులన్నిటికంటే ఎక్కువ కృతజ్ఞత ఇక్కడే నమోదైందట. సంతృప్తులకు లోటు ఉండదు కాబట్టి, మరమ్మతుల జాబితాలోంచి ఈ వీధి పేరు తీసేశారట. ఉమాపతి ఆ మాట ఎంతో అభినందనగా చెప్పాడు.

"ఏటే మాణిక్యమ్మా," అంది గవరమ్మ, బిందె బోర్లించి దాని మీద కూర్చుంటూ, "నువ్వు రాసిన రాతకి మన నుదుటిరాత మారిపోయినాది కదే."

బోర్డుతో పాటు మాణిక్యాంబకు పిలుపు కూడా వచ్చింది. ఆదర్శ వీధి ప్రతినిధిగా సమీక్షా సమావేశానికి రావాలట. నలుగురి ముందూ నోరు విప్పి వాల్వు సంగతి అడిగెయ్యొచ్చని ఆవిడ ఒప్పుకుంది.

ఆఫీసు లోపలికి అడుగుపెట్టాక గానీ ఆవిడకు అక్కడి సంగతి బోధపడలేదు. ఉత్తర్వు ప్రకారం ఎవరు ఏ పని చేయబోయినా ముందు వాళ్లకు శాలువా కప్పి సన్మానం చేయాలి. సన్మానం పొందినవాడు కృతజ్ఞుడు కాబట్టి, తన చేత్తోనే ఆ శాలువా తీసి తనకు మేలు చేసినవాడికి కప్పాలి. తనంతట తాను తీసి కప్పేదాకా ఇంకెవ్వరూ దాన్ని ముట్టుకోకూడదు. శాలువా ఒకటే ఉంది, మావిడిపండు రంగుది. పొద్దున్న కమిషనరు భుజం మీంచి బయల్దేరి బల్లబల్లా తిరిగి సాయంత్రానికి మళ్లీ ఆయన దగ్గరికే చేరుతోంది. శాలువా ఉన్నవాడు పని చేయకూడదు, సన్మానగ్రహీత కాబట్టి. లేనివాడూ చేయకూడదు, చప్పట్లు కొట్టాలి కాబట్టి. అందరి ముఖాలూ నిజంగానే ప్రశాంతంగా ఉన్నాయి. నిద్ర బాగా పడుతున్నట్టు ఇద్దరు ముగ్గురు అక్కడికక్కడే రుజువు చేస్తున్నారు కూడా.

వాల్వు తిప్పే అప్పన్న సంగతి మరీ విచిత్రం. ఇన్నేళ్ల సర్వీసులో అతన్ని 'ఒరే' అని తప్ప పిలిచినవాళ్లు లేరు. మొదటిసారి శాలువా భుజం మీద పడ్డప్పుడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. రెండోసారి నాలుగు మాటలు మాట్లాడాడు. ఇప్పుడు మైకు లేకపోతే వాల్వు తిప్పే కడ్డీ పట్టుకోవడం లేదు.

సమావేశంలో కమిషనరుగారు గోడ మీద పటం చూపిస్తూ మాట్లాడారు. నీరు పుష్కలంగా అందుతున్న తూర్పు వీధుల నుంచి ఒక్క కృతజ్ఞతాపత్రమూ రాలేదన్నారు. చుక్క నీరు అందని దిబ్బవీధి నుంచి గంపకెత్తినట్టు వచ్చాయన్నారు.

"దీన్నిబట్టి మనం గ్రహించవలసినదేమిటి? కృతజ్ఞతకు అవరోధం నీరు. పౌరుల నిద్ర, గుండె, పరస్పర సఖ్యతల దృష్ట్యా, ఆ అవరోధాన్ని ఊరంతటా తొలగించాలని నిశ్చయించడమైనది."

అంటే అన్ని వాల్వులూ మూసేస్తారన్నమాట. మూసేటప్పుడు మాత్రం అప్పన్నకు ఊరి నాలుగు మూలలా సన్మానాలు జరుగుతాయి. అప్పన్న లేచి నిలబడి నమస్కరించాడు.

మాణిక్యాంబను మాట్లాడమన్నారు. ఆవిడ మైకు ముందు నిలబడింది. మనసులో ఉన్నది అడిగేసింది.

"ఆకలేసినవాడు అన్నానికి దండం పెడతాడు బాబూ, నిజమే. మరి దండం పెట్టించుకోడానికి ఆకలి పెట్టడం ధర్మమేనా? నాకు తెలీక అడుగుతున్నాను. మా అమ్మాయి బారసాల వస్తోంది. ఆ వాల్వు కాస్త తిప్పించండి."

సభ చప్పట్లతో మార్మోగిపోయింది. అడగడంలో ఎంత వినయం, ఎంత పొందిక అన్నారు. ఉమాపతి దాన్ని సూక్తుల పుస్తకంలో ఎక్కించాడు. వాల్వు సంగతి ఎవరూ ఎత్తలేదు.

బారసాల రెండు రోజుల్లోకి వచ్చేసింది. ఇక కమిషనరుగారి భార్యనే అడగాలనుకుంది మాణిక్యాంబ. వాళ్ల క్వార్టర్స్ దిబ్బవీధికి వెనకవైపే. ఆ ఇంట్లో కరెంటు మోటారుతో బోరు ఉంది కాబట్టి కొళాయి ఎప్పుడో పీకేశారు. అయితే గేటు దగ్గర కాపలావాడు మనవులతో వచ్చేవాళ్లను రానివ్వడు. కృతజ్ఞతలతో వచ్చేవాళ్లనైతే ఆపకూడదు. కృతజ్ఞత చెప్పడానికి వట్టి చేతులతో ఎలా వెళ్లడం? సున్నుండలు చేసింది. గిన్నెలన్నీ నీళ్లు లేక అంట్లలో పడున్నాయి. శుభ్రంగా ఉన్నది బోర్లించిన ఇత్తడి బిందె ఒక్కటే. నాలుగు సున్నుండలు ఆకులో చుట్టి ఆ బిందెలోనే వేసుకుని బయల్దేరింది.

కమిషనరుగారి భార్య వసుంధర పద్ధతులు తెలిసిన ఇంట్లో పుట్టిన మనిషి. ఎదురొచ్చి కూర్చోబెట్టింది. పాప ఎవరి పోలిక, పాలు సరిపోతున్నాయా అని అడిగింది. సున్నుండలు తీసి పళ్లెంలో పెట్టుకుంది. తీరా బిందె తిరిగి ఇవ్వబోతూ ఆగిపోయింది. పొరుగింటి గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదు. చిన్న గిన్నె అయితే చెంచాడు పంచదారైనా వేసి ఇవ్వచ్చు. బిందెకి ఏం వేస్తాం?

"ఇంత పెద్దదాంట్లో ఏం పెట్టను పిన్నిగారూ?" అంది.

మాణిక్యాంబ ఏమీ అడగలేదు. కళ్లు మాత్రం పెరట్లో మోటారు వైపు వెళ్లాయి. వసుంధర కూడా అటు చూసింది. బిందె తీసుకెళ్లి నిండా నీళ్లు పట్టి, మూత మీద రెండు మందారపూలు పెట్టి ఇచ్చింది.

ఆ సాయంత్రం దిబ్బవీధికి కృతజ్ఞత పొంగి పొర్లింది. గవరమ్మ గంగాళం అడుగున బెల్లంముక్క వేసుకుని వెళ్లింది. వెనకాల కాగులో కరివేపాకు రెబ్బతో ఒకావిడ, ఇద్దరి చేత మోయించిన డ్రమ్ములో నిమ్మకాయతో మరొకాయన. కాపలావాడు ఒక్కొక్కరినీ ఏం పనని అడగడం, వాళ్లు కృతజ్ఞత అనడం, అతను సెల్యూట్ కొట్టి గేటు తీయడం. వసుంధర ఏ పాత్రనూ ఖాళీగా పంపలేదు. ఆ పూట కమిషనరుగారు వరండాలో నిలబడి బారులు చూసి, తన పథకం ఇంటి ముంగిట్లోకే నడిచొచ్చిందని గుండె నిదానంగా కొట్టుకుంటుండగా నిద్రపోయారు.

మర్నాడూ అదే వరస. నీళ్లు తాగడానికీ వండుకోడానికీ సరిపోయాయి. కానీ మాణిక్యాంబ దిగులు తీరలేదు. తెచ్చిపోసుకున్న నీళ్లతో వంట అవుతుంది గానీ, కొళాయి పూజ కాదు కదా. వియ్యపురాలు వచ్చి, కాళ్లు కడుక్కుని, బోర్డు చదివి, "సంతృప్తా? దేనికో?" అని నవ్వింది కూడా.

బారసాల పొద్దున్న హైమకు తలంటి, కొత్త చీర కట్టించి, పసుపు కుంకాల పళ్లెం చేతికిచ్చి మాణిక్యాంబ వీధిలోకి తీసుకొచ్చింది. నీళ్లు రాకపోతే ఏం చేయాలో ఆవిడ ఆలోచించలేదు. పూజ చేయడం మన వంతు, రావడం ఆ తల్లి వంతు అనుకుంది. వీధి కృతజ్ఞత నమోదు చేసుకోడానికని ఉమాపతి అప్పటికే పత్రాల కట్టతో సిద్ధంగా ఉన్నాడు.

అంతలో వీధి వెనక నుంచి ఒక ఆకారం వచ్చింది. నెత్తి నిండా సబ్బు నురగ, నడుముకి తువ్వాలు, భుజాల మీద మావిడిపండు రంగు శాలువా, చేతిలో బకెట్టు. కళ్లు సగం మూసుకుని గోడ తడుముకుంటూ నడుస్తోంది. కమిషనరుగారే. రెండు రోజులు వీధి కృతజ్ఞతంతా మోసిన మోటారు, ఆయన తలకు సబ్బు రాసుకున్న క్షణంలోనే కాలిపోయింది. దగ్గర్లో ఉన్న కొళాయి ఇదొక్కటే.

ఆయన కొళాయి తిప్పారు. గాలి వచ్చింది. వెనకాలే గవరమ్మ చెప్పిన ఈల కూడా వచ్చింది.

"వాల్వు తెరిపించు," అన్నారు ఆయన ఎవరినో ఉద్దేశించి.

గొంతు గుర్తుపట్టి ఉమాపతి ముందుకొచ్చాడు. "మనవి చివరి గడిలో రాయాలండి. ముందు తమరికి కలిగిన మేలు చెప్పండి."

కమిషనరుగారు కొళాయి ఇంకోసారి తిప్పి చూశారు. తర్వాత, గాలి వస్తోంది, రాసుకో, అన్నారు.

"ధారాళంగా అని రాయమంటారాండీ?"

అప్పన్నను పిలుచుకొచ్చారు. కడ్డీ పుచ్చుకుని వచ్చి వాల్వు గుంట దగ్గర చేతులు కట్టుకు నిలబడ్డాడు. సన్మానం లేకుండా కడ్డీ దించడం తనవల్ల కాదనీ, ఉత్తర్వు తమరిదేననీ మర్యాదగానే చెప్పాడు. కమిషనరుగారు శాలువా తీసి అతనికి కప్పారు. అప్పన్న గొంతు సవరించుకున్నాడు.

"ఈ చెయ్యికి ఇంత గొప్పుందని మా అమ్మకి కూడా తెల్దు బాబూ..." అని మొదలుపెట్టి, తన బాల్యం దగ్గర్నుంచి పెళ్లి దాకా వచ్చి, అక్కడ ఆగి శాలువా తీసి కమిషనరుగారికి కప్పాడు. ఇప్పుడు కమిషనరుగారు సన్మానగ్రహీత. తిరిగి కప్పకపోతే కృతఘ్నుడు. ఆయన అప్పన్నకు కప్పారు. అప్పన్న తన పెళ్లి తర్వాతి విశేషాలు చెప్పి మళ్లీ ఆయనకు కప్పాడు. నురగ జారి కనుబొమల మీదికి వచ్చింది. శాలువా అటూ ఇటూ తిరుగుతోంది. ఎవరు ఆపితే వాళ్లు కృతఘ్నులు. ముహూర్తం దాటిపోతోంది. హైమ చేతిలో హారతి కర్పూరం గాలికి కరిగిపోతోంది. వియ్యపురాలు నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది.

మాణిక్యాంబ ముందుకెళ్లి గుంటలోకి తొంగిచూసింది. పాపం, నాచుపట్టి, తుప్పుపట్టి, ఇనుప వాల్వు ఒక్కతే కూర్చుని ఉంది. ఇన్నేళ్లూ వీధికి నీళ్లిచ్చింది. చేటకి, చీపురుకి దండం పెట్టే చేతులు దీనికి ఒక్కనాడూ పెట్టలేదే అనిపించింది ఆవిడకు. ఒంగి దణ్ణం పెట్టింది.

"ఆ శాలువా దీనికి కప్పండి నాయనా," అంది. "తిరగాల్సింది ఇది కదా. ఇదైతే మళ్లీ మీకు కప్పదు."

అందరూ ఉమాపతి వైపు చూశారు. అతను ఉత్తర్వు తీసి చదివాడు. సన్మానం మనుషులకే చేయాలని అందులో ఎక్కడా లేదు. కమిషనరుగారు, అప్పన్న చెరో కొసా పట్టుకుని వాల్వు మెడకు శాలువా చుట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. వాల్వు ప్రసంగించలేదు. గవరమ్మ పోసిన గరిటెడు నూనెకు, అప్పన్న మోపిన బలానికి ఒక్కసారి మూలిగి, తిరిగింది.

కొళాయి దగ్గింది. ఎర్రగా చిమ్మింది. ఆ తర్వాత తేటపడి ధార కట్టింది.

కమిషనరుగారు బకెట్టు ముందుకు చాపారు. వియ్యపురాలు చెయ్యి అడ్డం పెట్టింది. తొలి బిందె బాలింతది. హైమ కొళాయికి నిదానంగా పసుపు రాసింది, బొట్టు పెట్టింది, పూలు చుట్టింది, తాంబూలం పెట్టింది, హారతిచ్చింది. పూజలో ఏదీ తగ్గించలేదు. కమిషనరుగారు అంతసేపూ కళ్లు గట్టిగా మూసుకుని, చేతులు జోడించి, నోట్లో ఏదో గొణుక్కుంటూ నిలబడ్డారు. ఎంత భక్తి అనుకున్నారు చూసినవాళ్లు. హైమ నిండు బిందె చంకనెత్తుకుని గడప దాటింది. లోపల పాప కేరుమంది. అప్పుడు మాణిక్యాంబ రెండో బిందె పట్టి, కన్నతల్లి పోసినట్టు ఆయన తల మీద నెమ్మదిగా పోసింది.

సందడి తగ్గాక ఉమాపతి పత్రం పట్టుకుని తిరిగాడు. నీళ్లు వచ్చినందుకు సంఘానికి కృతజ్ఞతలు చెప్పమన్నాడు. ఎవరికీ తీరిక లేదు. ఒకరు ఇల్లు కడుగుతున్నారు, ఒకరు ముగ్గేస్తున్నారు. మాణిక్యాంబ చెంబుతో నీళ్లు పట్టి తులసికోటలో పోసి, తడిచెయ్యి కళ్లకద్దుకుని, అతనికి ఆకు వేసి భోజనం వడ్డించింది. నోటితో చెప్పాలండీ అన్నాడతను. ఆవిడ ఆకులో ఇంకో గరిటెడు నెయ్యి వేసింది. అతను తృప్తిగా భోంచేసి, చెయ్యి కడుక్కుని, 'కృతజ్ఞత: శూన్యం' అని రాసుకున్నాడు.

రెండు రోజుల్లో పాత బోర్డు పీకి 'ఇది కృతఘ్న వీధి' అని కొత్తది పాతారు. మిగతా ఊరికి లాగే ఇక్కడా నీళ్లు ఆపి కృతజ్ఞత పెంచాలని ఉత్తర్వు వచ్చింది. అప్పన్న కడ్డీతో వచ్చి గుంటలోకి చూసి వెనక్కి వెళ్లిపోయాడు. వాల్వు ఇంకా శాలువాలోనే ఉంది. బారసాల తొందరలో ఆవేళ ఎవరూ పట్టించుకోలేదు గానీ, సన్మానగ్రహీత చేత పని చేయించకూడదు. తనంతట తాను తీసి కప్పేదాకా శాలువాను ఎవరూ ముట్టుకోకూడదు. ఆ శాలువా లేకుండా అప్పన్నకు సన్మానం లేదు. సంఘం ఇప్పటికీ ఎదురుచూస్తోంది. దిబ్బవీధి కొళాయి పూటపూటా వస్తోంది. నీళ్లు ఆగిపోయిన తూర్పు వీధులవాళ్లు తమనూ కృతఘ్నులుగా ప్రకటించమని దరఖాస్తులు పెట్టుకుంటున్నారట.

బోర్డు పాతిన సాయంత్రమే వసుంధర వచ్చింది. మోటారు ఇంకా బాగుపడలేదు. ఆవిడ చంకలో పెద్ద కాగు ఉంది. దాని అడుగున, ఆకులో చుట్టి, రెండు కొబ్బరి లౌజులు.

మాణిక్యాంబ లౌజులు తీసి పళ్లెంలో పెట్టుకుంది. కాగులోకి చూసింది, ఆవిడ ముఖంలోకి చూసింది. తీసుకెళ్లి కొళాయి కింద పెట్టింది.